వెల్దుర్తి పెట్టె అడిగిన ఫైలు

నాకు దయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. మా అమ్మ తాయెత్తు కట్టబోతే చెయ్యి లాక్కున్న మనిషిని. ఎవరినో నమ్మించాలని కాదు, జరిగింది జరిగినట్టు ఒకచోట రాసి ఉంచుదామని చెబుతున్నాను.

గురజాలలో ఒక కేబుల్ ఆపరేటర్ దగ్గర కంట్రోల్ రూమ్‌లో పనిచేస్తాను. చుట్టుపక్కల ఊళ్లలో మా పెట్టెలు పద్దెనిమిది ఉన్నాయి. టీవీ, ఇంటర్నెట్ వాటి గుండానే ఇళ్లకు వెళతాయి. ఆ పెట్టెలు సొంతంగా ఏదీ గుర్తుంచుకోలేవు. కరెంటు వచ్చినప్పుడల్లా మా సర్వర్‌ని తమ ఫైలు అడుగుతాయి. ఏ ఛానల్ ఎక్కడ, సిగ్నల్ ఎంత అన్నది అందులో చూసుకున్నాకే పని మొదలుపెడతాయి.

ఆ ఫైళ్లన్నీ రాసింది వెంకటేశ్వర్లు బాబాయి. చుట్టం కాదు, పిలుపు అంతే. నాకు పని నేర్పింది ఆయనే. మాఘమాసంలో గుండెపోటుతో పోయాడు. ఆయన స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. పొద్దున తాళం తీసింది మొదలు సాయంత్రం వేసేదాకా ఆ గదిలో నేనొక్కదాన్నే. ఫ్యాన్ల చప్పుడు తప్ప మనిషి మాట ఉండదు. కొన్నాళ్లు అలవాటు కొద్దీ రెండు టీలు చెప్పాను.

ఎండాకాలం చివర్లో పిడుగు పడి సర్వర్ డిస్కు పోయింది. పాత కాగితాలు చూసుకుంటూ పదిహేడు ఫైళ్లు మళ్లీ రాశాను. వెల్దుర్తిది మాత్రం దొరకలేదు. చాలా దూరం లైను, దాని లెక్క బాబాయి ఎక్కడా రాసిపెట్టలేదు. ఊహించి రెండుసార్లు రాశాను. పెట్టె లేవలేదు. ఆ ఫైళ్లు తీసేశాను.

ఓనరు ఫోన్ చేశాడు. "రేపటికి వెల్దుర్తి లైను రాకపోతే గుంటూరు నుంచి మనిషిని పెట్టుకుంటానమ్మా. నువ్వు వేరే పని చూసుకో."

మర్నాడు మధ్యాహ్నం మూడు దాటాక, స్క్రీన్ మీద వెల్దుర్తి పెట్టె ఎరుపు నుంచి ఆకుపచ్చలోకి మారింది.

లాగ్ తీశాను. మూడూ పదికి వెల్దుర్తి పెట్టె ఫైలు అడిగింది, సర్వర్ ఇచ్చింది. ఫోల్డర్ తెరిస్తే పదిహేడు ఫైళ్లే ఉన్నాయి. ఇంకో మిషన్ ఏదన్నా ఇచ్చిందేమోనని వైర్లన్నీ వెతికాను. లేదు.

వెల్దుర్తిలో ఆ పెట్టె చూసుకునే ఆదిలక్ష్మి అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, పెట్టెను ఎవరన్నా ముట్టుకున్నారా?"

"ఏందమ్మా అట్టా అడుగుతావు. ఇందాక మీ ఆఫీసు నంబరుకు నేనే చేశా గదా. పెద్దాయన ఎత్తాడు. కట్టేసి, యాభై లెక్కబెట్టి వెయ్యమ్మా అన్నాడు. వేశా, వచ్చింది."

"ఏ పెద్దాయన?"

"మీ బాబాయే. గొంతు తెలవదా నాకు? నువ్వేదని అడిగితే, పనిలో ఉంది, కదిలించొద్దులే అన్నాడు."

ఆయన పోయిన సంగతి ఆమెదాకా వెళ్లలేదని అప్పుడు అర్థమైంది. నేనూ చెప్పలేకపోయాను.

నడుస్తున్న పెట్టెలోంచి ఆ లెక్కలు చూసి, ఫైలు రాసి దాచాను. ఉద్యోగం నిలబడింది.

ఆఫీసు ఫోన్ నా కుర్చీ నుంచి చెయ్యి చాపితే అందుతుంది. వచ్చిన కాల్స్‌లో ఆదిలక్ష్మి అక్క నంబరు ఉంది, రెండు నిమిషాలు మాట్లాడినట్టు ఉంది. ఆ రోజు అన్నం కూడా అక్కడే తిన్నాను, గది దాటలేదు. ఫోన్ మోగడం నేను వినలేదు. నెలల తరబడి ఒక్క మనిషి గొంతు కోసం ఎదురుచూసిన నాకు, అంత దగ్గర్లో ఆయన రెండు నిమిషాలు మాట్లాడితే ఎందుకు వినపడలేదో ఇప్పటికీ తెలియదు.