వెళ్లగొట్టిన ఇంటికే ఉత్తరం

ఓడెల్ ప్రూయిట్ పదకొండేళ్లు పోస్ట్‌మాన్‌గా చేశాడు. కార్వర్‌టన్‌లో నది ఒడ్డు నుంచి రైలు పట్టాల దాకా ఏ ఇంట్లో ఎవరుంటారో, ఏ ఇంటి కుక్క కరుస్తుందో అతనికి కంఠతా వచ్చు. సమాన హక్కుల ఆఫీసువాళ్లు పిలిచి విచారణాధికారి ఉద్యోగం ఇచ్చింది కూడా అందుకే. నల్లవాళ్లకి ఇల్లివ్వం పొమ్మన్నవాళ్ల మీదా, రంగు చూసి పనిలోంచి తీసేసినవాళ్ల మీదా వచ్చే ఫిర్యాదులు విచారించాలంటే ముందు తలుపు తట్టడం తెలియాలి కదా! మొదటి మూడేళ్లూ పాపం తట్టాడు, కాదనను. బూట్లు అరిగేలా తిరిగాడు. ఆ తర్వాత కుర్చీ మరిగాడు.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ఫిర్యాదు చేసినవాళ్లకి ఒక ఉత్తరం వెళ్తుంది. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే ‘ఆచూకీ తెలియలేదు’ అని ముద్ర కొట్టి ఫైలు మూసెయ్యొచ్చు. ఏ నెల ఎవరు ఎక్కువ ఫైళ్లు మూస్తే ఆ నెల వాళ్ల పేరు గోడకెక్కుతుంది. న్యాయం జరిగి మూశారా, జరక్కుండానే మూశారా అని ఆ గోడ అడగదు. 1986 వేసవంతా ఆ గోడ మీద ఓడెల్ పేరే. ఇత్తడి ఫలకం కూడా ఇచ్చారు. భార్య ఎర్నెస్టీన్ దాన్ని టీవీ మీద పెట్టి రోజూ తుడిచేది.

సెప్టెంబరులో ఒక ఆదివారం మౌంట్ నీబో చర్చివాళ్లు అతన్ని మాట్లాడమని పిలిచారు. మాటలకేం, బ్రహ్మాండంగా మాట్లాడాడు.

“భయపడకండి. మా దగ్గరికి రండి. మీ తలుపు నేనే వచ్చి తడతాను!” అన్నాడు.

“ఆమెన్!” అని హాలంతా మోగిపోయింది.

తర్వాత కింద భోజనాల గదిలో తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఒక పెద్దావిడ అతని ప్లేటులో కోడి వేపుడు పెడుతూ ఆగింది.

“గుర్తుపట్టావా నాయనా?”

“అయ్యో, ఎందుకు గుర్తులేదమ్మా!”

“చర్చిలో అబద్ధమాడకు. లవీనియా క్రెంషాని. మార్చిలో నీ టేబుల్ దగ్గరే కూచుని రాయించాను కదా. మేపుల్ వీధిలో నేనుండే ఇల్లు కొత్త ఓనరు కొన్నాడు, కప్పు బాగుచెయ్యాలి ఖాళీ చెయ్యమన్నాడు. నేను ఖాళీ చేసిన వారానికే తెల్లవాళ్లని దింపాడు. కప్పు మీద ఒక్క మేకు కొట్టలేదు! పంతొమ్మిదేళ్లున్నానయ్యా ఆ ఇంట్లో.”

“ఆ... అది చూస్తున్నామమ్మా.”

“చూడు చూడు, నేనేం తొందరపెట్టట్లేదు. మా చెల్లెలింట్లో తలదాచుకున్నా. అదేమో రోజూ దెప్పుతుంది, నిన్నెప్పుడో మర్చిపోయుంటారే అని. నోర్ముయ్, ఆ అబ్బాయి మనవాడు, వస్తానన్నాడంటే వస్తాడు అని చెప్పా.” అంతటితో ఊరుకోకుండా గరిటెతో గిన్నె మీద టంగుమని కొట్టింది. “అందరూ వినండి! నా కేసు చూస్తున్నది ఈ బ్రదరే!”

గదంతా చప్పట్లు. ఆమె ఇంకో రెండు కోడి కాళ్లు కాగితంలో చుట్టి, “ఇంటావిడకి” అని అతని చేతిలో పెట్టింది. ఓడెల్ తీసుకున్నాడు. ఎలా తీసుకోగలిగాడో!

సోమవారం పొద్దున్నే మూసిన ఫైళ్ల అలమరలో వెతికాడు. దొరికింది. లోపల తిరిగొచ్చిన కవరు పిన్ను కొట్టి ఉంది. దాని మీద ‘ఈ ఇంట్లో లేరు’ అని పోస్ట్‌మాన్ రాత. అలాంటి మాట తను ఎన్ని వందల కవర్ల మీద రాశాడు! కవరు మీద తను టైపు చేసిన మేపుల్ వీధి చిరునామానే ఉంది. ఫారం మొదటి పేజీలో ‘ఏ ఇంటి గురించి ఫిర్యాదు’ అన్న గడి ఉంటుంది. అందులోది దించేశాడు. ఏ ఇంట్లోంచి వెళ్లగొట్టారని ఆమె మొత్తుకుందో, ఆ ఇంటికే ఆమె పేరున ఉత్తరం పంపాడు!

రెండో పేజీ తిప్పాడు. ‘మీ ఆచూకీ ఎక్కడ తెలుస్తుంది’ అన్నచోట గుండ్రటి అక్షరాలతో ఆమే రాసుకుంది: ‘ప్రతి బుధవారం మౌంట్ నీబో చర్చి వంటింట్లో ఉంటాను.’ అతను రోజూ ఆఫీసుకి కారులో పోయేది ఆ చర్చి ముందు నుంచే. సిగ్గుతో ఓడెల్ చెవులు కాలిపోయాయి. ఎవరైనా చూస్తున్నారేమోనని అలమర తలుపు దగ్గరికి లాక్కున్నాడు.

మూసిన ఫైలు తిరిగి తెరవమని అడిగే గడువు దాటిపోయింది. ఇక ఒకటే దారి. తప్పు నాదేనని ఆ ఫైలు మూసిన అధికారే రాసి సంతకం పెట్టాలి. అలా రాసిస్తానంటే పై ఆఫీసరు హాలొరన్ నవ్వేశాడు.

“నీకేమైనా పిచ్చా ఓడెల్? ఆవిడ అడిగిందా? ఒక్కటి తెరిస్తే నువ్వు మూసినవన్నీ తిరగేస్తారు. నీ పేరు నువ్వే గోడ మీంచి గీకేసుకుంటావా?”

ఓడెల్ వెనక్కొచ్చి ఆ ఫైలు తన టేబుల్ సొరుగులో పెట్టాడు. రెండు రోజులు ఊగిసలాడాడు కూడా. దాచడమెందుకు, వదిలేద్దామనే అనుకున్నాడు. కానీ మంగళవారం సాయంత్రం ఎర్నెస్టీన్, “చికెన్ ఎంత బావుందో, ఆవిడకి థాంక్స్ చెప్పావా?” అని అడిగింది. అతను ప్లేటు పక్కకి నెట్టేసి లేచాడు.

బుధవారం వంటింట్లో లవీనియా అలసందలు వలుస్తోంది. ఓడెల్ టోపీ తీసి, నిలబడే అంతా చెప్పాడు. ఆమె చేతులు ఆగిపోయాయి.

“ఎక్కడికి పంపావు?”

“మేపుల్ వీధికమ్మా.”

“నన్ను గెంటేసిన ఇంటికి?”

“అవునమ్మా.”

“ఫైలెప్పుడు మూశావు?”

“మే నెలలో.”

“అంటే మొన్న ఆదివారం నేను చప్పట్లు కొట్టించేటప్పటికి మూసేసుంది.”

“అవునమ్మా. నాకప్పటికి గుర్తు కూడా లేదు.”

“ఆ తెల్ల ఓనరు నాకేం మాటివ్వలేదయ్యా,” అంది ఆమె మెల్లగా. “నువ్విచ్చావు.”

తిట్టినా బావుండేదనిపించింది ఓడెల్‌కి. సంచిలోంచి కాగితం తీసి, గిన్నెల మధ్యే పెట్టి, తప్పు నాదేనని రాశాడు. ఆమె పైకి చదవమంది, చదివాడు. సంతకం పెట్టాడు.

“మళ్లీ తెరుస్తారని గట్టిగా చెప్పలేనమ్మా. ఉత్తరం మాత్రం వస్తుంది. అడ్రసు ఎక్కడిది రాయను? మీ చెల్లెలిదా, చర్చిదా?”

“మీ ఇంటిది రాయి.”

“మా ఇంటిదా?”

“మీ ఇంటిదే. వచ్చిన ప్రతి ఉత్తరం నువ్వే మోసుకొచ్చి, మా చెల్లెలి తలుపు తట్టి, దాని కళ్లముందు నా చేతికియ్యి. ఆ పని నీకు వచ్చుగా.”

ఓడెల్ తల వంచుకుని తన ఇంటి నంబరు రాశాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి సరిచూసుకుంది.