చర్చి బావి మీద నేనేసిన జోకు

నేను నాలుగో తరగతిల బడి మానేసిననాడు మా పంతులు నన్ను ఆపలే. ‘స్టేషన్ దాకా నేనే సాగనంపుత, ఏ రైలైనా సరే ఎక్కు’ అన్నడు. నా బుర్రల ఏదీ నిలవదని ఆయన నమ్మకం. పాపం, ఆయన లెక్క తప్పైంది. ఒక్క మాట నిలిచింది. నేనే అన్న మాట. ఏండ్ల సంది లోపల రాయి లెక్క కూసున్నది. మీరు నన్ను ఎరగరు, అందుకే మీకు చెప్తున్న.

అబిడ్స్‌ల గొడుగులు, స్టవ్వులు బాగుచేసే పని నాది. ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీల. గల్లీ మూలకు చిన్న చర్చి, దాని ఆవరణల ఒక బావి. అరవైలల్ల ఒక ఎండకాలం మా నల్లా ఎండిపోయింది. చర్చోళ్లు గేటు తెరిచిన్రు. అందరినీ తోడుకొమ్మన్నరు. ఎవల మతమేందని అడగలే.

గదే నాకు నచ్చలే. ఊరికే ఎవరన్న ఇస్తరా? నేను గొడుగుకు పుల్ల మార్చినా ఊరికే మార్చ. మరి వీళ్లకేం కావాలె? పనికి పోయేముందు గేటు కాడ నిలబడి చూసేటోణ్ణి. వాళ్లు నవ్వితే అనుమానం, నవ్వకపోతే ఇంకా అనుమానం.

ఒకనాడు పొద్దుగాల దొరికిన్రు అనుకున్న. ఎస్తేరమ్మ, గుంటూరు దిక్కు నుంచి వచ్చి దవాఖానల నర్సు పని చేసే మనిషి, బావిల ఏందో కలుపుతున్నది. నీళ్లు గులాబీ రంగుకు తిరిగినయ్.

‘ఏంది నర్సమ్మా అది?’

‘మందు తమ్ముడూ. కలరా రోజులు కదా, నీళ్లలో పురుగు చచ్చిపోతుంది. రంగు చూసి భయపడొద్దని మీ వాళ్లకు చెప్పు.’

‘ఔ, చెప్త’ అన్న.

ఇక్కడ జర ఆగుత. నాకు అర్థమైంది. తెలియక చేసిన అని చెప్పే దారి నాకు లేదు.

సాయంత్రం హోటల్ల చాయ్ తాగుతుంటే యాదగిరి అడిగిండు, ‘చర్చి బావి నీళ్లు ఎర్రగైనయేందిరా?’ అని. యాదగిరి మా పక్కింటోడు, నేను నోరు తెరవకముందే నవ్వే మనిషి. మందు అనే మాట నాలుక చివరనే ఉండె. కాని బల్ల చుట్టు మొఖాలన్నీ నా దిక్కే తిరిగినయ్, నవ్వుదామని.

‘అరే, ఒక్కొక్కణ్ణి పట్టుకొని ముంచే ఓపిక వాళ్లకెక్కడిది? బాప్తిస్మం బావిలనే కలిపిన్రు. తాగితే చాలు, లోపల్నించే అయిపోతది.’

హోటల్ దద్దరిల్లింది. యాదగిరికి చాయ్ ముక్కులకెక్కింది. తెల్లారేసరికి ఆ మాట గల్లీ అంతా తిరిగింది. తిరుగుతుంటే నవ్వు రాలిపోయింది, మాట ఒక్కటే మిగిలింది. చర్చి గేటు కాడ ఒక్క బిందె లేదు. అందరూ రైలుపట్టాల పక్క, మురుగు పారే మోరీని ఆనుకొని పగిలిన పైపు కాడికి పోయిన్రు.

నేను నమ్మిన్నా? నమ్మలే. నమ్మితే, ఎవరూ లేవకముందే పోయి మా ఇంటి బిందె అదే బావిల ఎందుకు నింపుకొచ్చిన?

వారం తిరగలే, యాదగిరి తల్లి మల్లమ్మకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నయ్. నేను చిన్నమ్మా అని పిలిచి, ఆమె చేతి జొన్నరొట్టె తిన్నోణ్ణి. ఎస్తేరమ్మే రిక్షాల దవాఖానకు తీసుకపోయింది. చర్చోళ్లు వంతులేసుకొని ఆమె కాడ కూసున్నరు. ఆమె బట్టలు ఉతికిన్రు. గల్లీల ఇంటింటికి నీళ్లు కాచి తెచ్చి పోసిన్రు. దవాఖానల గూడ నేను కాపలా కాసిన. వాళ్ల చేతిసంచిల పుస్తకం ఉంటది, ఇప్పుడు తీస్తరు, మతం సంగతి ఇప్పుడు ఎత్తుతరు అని. సంచిలకెల్లి తువ్వాల వచ్చింది, గంజి చెంబు వచ్చింది. మల్లమ్మ పోయింది. పొయ్యి వెలగని ఆ ఇంటికి దినాలు అయ్యేదాకా అన్నం చర్చోళ్లే తెచ్చిన్రు. పుస్తకం మాత్రం బయటికి రాలే.

యాదగిరి నా భుజం మీద తల పెట్టి ఏడ్చిండు. ‘బావికి పోతనంటే నేనే వద్దన్నరా. మా అమ్మను నేనే సంపుకున్న.’

నేను వాని వీపు నిమిరిన. అన్నిటికీ తెరుచుకునే నోరు, మందని నాకు ముందే తెలుసని చెప్పేటందుకు ఆ ఒక్కనాడు తెరుచుకోలే. ఇప్పటికీ వాడు ఆ పాపం తనదే అనుకుంటడు.

ఆ చర్చోళ్లంటే నాకు కృతజ్ఞత ఉన్నది. ఉన్నదనే అనుకుంటున్న. కాని వాళ్ల మంచితనాన్ని అంత అనుమానించినోణ్ణి, నా మంచితనాన్ని ఊరికే వదుల్తనా? నేను దొరకలేదన్న సంతోషానికే కృతజ్ఞత అని పేరు పెట్టుకున్ననేమో. తెలియదు. మాఫీ అడుగుతలేను. ఎవరికో ఒకరికి చెప్పిన, ఊపిరి జర సాఫుగా ఆడుతున్నది, గంతే.

పోయిన వానకాలం ఎస్తేరమ్మ గొడుగు పట్టుకొని దుకాణానికొచ్చింది. పుల్ల మారుస్తూ, తల ఎత్తకుండ అన్న, ‘నర్సమ్మా, ఆ బాప్తిస్మం మాట నాది. మందు అని తెలిసే అన్న.’

ఆమె గొడుగు తెరిచి చూసుకున్నది, మూసింది.

‘తెలుసయ్యా. అంత నవ్వొచ్చే మాట ఆ గల్లీలో ఇంకెవరికి తడుతుంది? నాకెందుకు చెబుతున్నావు, యాదగిరికి చెప్పు. ఈసారి నవ్వించకుండా చెప్పు.’