పక్క తోట తొట్టి చప్పుడు

తోటకు నీళ్ళు ఆపి అది పదిహేడో రోజు. సాయిలక్ష్మి నిమ్మకొమ్మ ఒకటి విరిచి తెచ్చి, అన్నం తింటున్న మొగుడి కంచం పక్కన పడేసింది. ఆకులు దోనెల్లా ముడుచుకుని ఉన్నాయి.

"ఏందిది?" అన్నాడు పెంచలకృష్ణ.

"నేనే అడగతా ఉండా, ఏందిది? చెట్టు కొమ్మా, పొయ్యిలో పుల్లా?"

"బెట్ట పెట్టినప్పుడు ఆకు ముడుచుకోక నవ్వతాదా?"

"ఏటా పది దినాలకే నీళ్ళు పెట్టేస్తా ఉంటివి గదా. ఈ యేడు ఇంకా ఎండబెట్టమని ఎవురు చెప్పినారు నీకు?"

ఎవరూ చెప్పలేదు. అందుకే అతనికి అంత కోపం వచ్చింది. కంచంలో చెయ్యి కడిగేసి లేచిపోయాడు.

ఆ పక్క నిమ్మ రైతులు వినాయక చవితి వెళ్ళగానే తోటలకు నీళ్ళు ఆపుతారు. భాద్రపదం ఎండకు చెట్టు కొన్నాళ్ళు దాహంతో అల్లాడి, ఆకు వాడాక, మళ్ళీ నీళ్ళిస్తే ఒక్కసారిగా పూత పూస్తుంది. ఆ పూత కాయగా మారి వేసవికి గూడూరు మార్కెట్ చేరుతుంది. నిమ్మకాయకు మర్యాద దొరికేది ఆ రెండు నెలలే. బెట్ట పెట్టడం అంటే ఇదే. ఎన్నాళ్ళు పెట్టాలన్నది మాత్రం నేల చెబుతుంది. మనుబోలుకు తూర్పున, వాగును ఆనుకుని ఉన్న పెంచలకృష్ణ తోట ఇసక నేల. పది రోజులు దాటితే అక్కడ వేరుకు పట్టుకోడానికి తడి ఉండదు. బండిబాటకు అవతల హజరత్తయ్య తోట ఎర్రనేల, కింద జిగురుమట్టి. ఇరవై రోజుల దాకా అది అడుగున చెమ్మ దాచుకుంటుంది.

ఈ సంగతి పెంచలకృష్ణకు తెలియనిది కాదు. రెండు వందల ఎనభై చెట్లూ తన చేత్తో నాటుకున్నవాడు. తొమ్మిదేళ్ళుగా అదే ఇసకలో పార పట్టినవాడు. అయినా ఆ ఏడు హజరత్తయ్య నీళ్ళు ఆపిన రోజే ఆపాడు. హజరత్తయ్య పెట్టిన రోజే పెడదామని మొండికేశాడు.

హజరత్తయ్యా అతనూ ఒకే బళ్ళో, ఒకే బెంచీ మీద చదువుకున్నారు. పదో తరగతిలో వాడికి నాలుగు వందల ముప్పై ఒకటి, వీడికి నాలుగు వందల పన్నెండు. ఆ పందొమ్మిది మార్కులు పాతికేళ్ళు దాటినా పెంచలకృష్ణ గొంతులో ముల్లులా అట్లాగే ఉండిపోయాయి. హజరత్తయ్య బుల్లెట్టు కొంటే, నడుస్తున్న బండిని ఎవరికో ఇచ్చేసి తనూ బుల్లెట్టు తెచ్చాడు. హజరత్తయ్య వరండాలో నున్నటి టైల్స్ వేయిస్తే తనూ వేయించాడు. మొదటి వానకే సాయిలక్ష్మి వాటి మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. వాడు కూతుర్ని నెల్లూరు హాస్టల్లో వేశాడని తన తొమ్మిదేళ్ళ కూతురు వెన్నెలను తీసుకుపోయి అక్కడే దించాడు. ఆ పిల్ల ఏడాది పాటు ఏడ్చి, చిక్కి సగమై తిరిగొచ్చింది. వీటిలో ఏ ఒక్కటీ తనకు కావాలనుకుని చేసింది కాదు.

పోయిన వేసవిలో హజరత్తయ్య కాయ అందరికంటే ముందు మార్కెట్‌కు పోయింది. బస్తాల పక్కన నిలబడి దిగిన ఫోటో పదో తరగతి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. చప్పట్లు, దండాలు, పూలగుత్తులు వచ్చిపడ్డాయి. చివర్లో ఎవడో రాశాడు: "కృష్ణా, నీది ఎప్పుడబ్బా?" పెంచలకృష్ణ ఫోన్ను మంచమ్మీదికి విసిరికొట్టాడు. ఈ బెట్ట ఆ రోజే మొదలైంది.

ఇరవయ్యో రోజుకు తోటలో ఆకు రాలడం మొదలుపెట్టింది. పొద్దున లేచి తోటలోకి వెళ్ళడానికి అతనికి కాళ్ళు రావడం లేదు. వెళ్ళినా చెట్లను చూడడు. తొట్టి గోడ మీద కూర్చుని బాటకు అవతల చెవి పెట్టి వింటాడు. హజరత్తయ్య బోరు మోటరు వేస్తే నీళ్ళు సిమెంటు తొట్టిలో దభదభా పడే చప్పుడు ఇక్కడికి వినిపిస్తుంది. ఆ చప్పుడు వస్తే తనూ స్టార్టరు నొక్కేయొచ్చు. అది రాలేదు. రాని ప్రతి పూటా హజరత్తయ్యను తిట్టుకున్నాడు. "గుండెలు తీసిన బంటు. వాడి చెట్లు రాళ్ళా?"

"మోటరెయ్యి," అంది సాయిలక్ష్మి.

"వాడు వెయ్యనీ."

"వాడు బాయిలో దూకితే?"

"నోరు మూసుకో."

"ఎందుకు మూసుకోవాల? చెయ్యి ఇరిగినప్పుడు మూసుకున్నా. బిడ్డ చిక్కిపోయినప్పుడు మూసుకున్నా. ఇంగ మూసుకునేది లేదు. ఈ తోట ఎండిందంటే నేను కూలికి పోతా. అది కూడా హజరత్తయ్య తోటకే పోతా, చూడు!"

అతను చెయ్యెత్తాడు. ఎత్తిన చేతిని ఎక్కడ పెట్టాలో తెలియక తలుపు మీద గుద్దాడు.

ఇరవై మూడో రోజు పొద్దున్నే ఎలిశబెతు పారతో వచ్చింది. ఈ రెండు తోటల్లోనూ కలుపు తీసేది, కాయ కోసేది ఆమె జట్టే. యాభై దాటిన మనిషి. ఎవరి మొహం చూసీ మాట దాచదు. చెట్టు మొదట్లో పార దించి మోచేతి లోతు తవ్వింది. లోపలి నుంచి ఇసక పిడికెడు తీసి అతని ముందు పట్టింది. అది వేళ్ళ సందుల్లోంచి పిండిలా రాలిపోయింది.

"ఏం నాయనా, పండగకు ముగ్గేసుకోను ఆరబెడతా ఉండావా?"

"నువ్వు కూడా మొదలుపెట్టబాకక్కా."

"నేను మొదలుపెట్టేదేముండాది, మీ ఇద్దరే మొదలుపెట్టినారు. అక్కడ ఆయన రోజూ నన్ను అదే అడగతాడు. 'అక్కా, కృష్ణ మోటరేసినాడా?' అని. 'లేదయ్యా' అంటే, 'సరే, రేపు చూద్దాం' అంటాడు. అక్కడ కూడా ఆకు పండబారిపోయింది. మీ ఇద్దరికీ పుట్టిన రోగమేందో ఏసయ్యకే తెలియాల."

పెంచలకృష్ణకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, చెప్పులు కూడా వేసుకోకుండా బండిబాట దాటి, కంచె తీగ ఎత్తి దూరాడు. తీగ ముల్లు తగిలి చొక్కా చిరిగినా ఆగలేదు.

హజరత్తయ్య తొట్టి గోడ మీద కూర్చుని ఉన్నాడు. తనూ రోజూ అట్లాగే, ఇటు వైపు చెవి పెట్టి కూర్చుంటున్న సంగతి పెంచలకృష్ణకు గుర్తొచ్చింది. దాంతో కోపం ఇంకా పెరిగింది.

"రేయ్, నీళ్ళెందుకు పెట్టలేదురా?"

హజరత్తయ్య ఉలిక్కిపడి లేచాడు. "నువ్వు పెట్టలేదు గదా."

"నేను పెట్టకపోతే నీకేందిరా?"

"ఇసక నేలలో నువ్వే పట్టుకోనుంటే నేను ముందుగా వదిలేస్తే ఏమనుకుంటారు? గ్రూపులో నవ్వరా? ఏదో కొత్త మందు కొట్టినావు, అందుకే తట్టుకుంటా ఉండావు అనుకున్నా. చెప్పకుండా దాస్తా ఉండావని నాకూ మండింది."

"మందా? మందేం లేదురా! నా చెట్లు చస్తా ఉండాయి!"

"మరి పెట్టుకోవచ్చు గదా?"

పెంచలకృష్ణ నోట బూతు ఒకటి వచ్చింది. అది ఎవర్ని తిట్టిందో తనకే తెలియలేదు. వచ్చిన దారినే, అంతే విసురుగా తోటకు తిరిగొచ్చి స్టార్టరు నొక్కాడు. నీళ్ళు తొట్టిలో పడ్డాయి. తొట్టి నిండేదాకా కూడా ఆగలేదు. పారతో కాలవ గట్టు తెగ్గొట్టి మొదటి వరస పాదుల్లోకి వదిలాడు. ఇసక నీళ్ళను ఎంత తాగినా కనబడనీయలేదు. ఎండిన పాదులో నీళ్ళు నిలబడడానికి గంట పట్టింది.

అయిదు నిమిషాల్లోనే బాటకు అవతల తొట్టి చప్పుడు మోగింది.

"ఇనబడిందా?" అంది సాయిలక్ష్మి, తోటను ఆనుకుని ఉన్న ఇంటి గడప దగ్గర నుంచే.

అతను రెండో వరస గట్టు తెగ్గొట్టాడు.

దీపావళి వెళ్ళేసరికి చావు బతుకులు తేలిపోయాయి. చాలా చెట్లు చిగురు వేశాయి. కొన్నింటికి పూత కూడా అక్కడక్కడా వచ్చింది, వేసవి మార్కెట్ అంటూ చెప్పుకునేంత కాదు. నలభై ఆరు చెట్లు మాత్రం నల్లబడి, బెరడు పగిలి, పుల్లలై నిలబడ్డాయి. అవి ఎక్కువగా వాగు వైపువి, అన్నిటికంటే ముందు కాపుకొచ్చినవి. వానలు ముదిరే లోపల మోళ్ళు పీకి గుంతలు తియ్యాలి.

పీకడానికి పెంచలకృష్ణ గడ్డపార పట్టుకున్న రోజు, పిలవకుండానే హజరత్తయ్య ట్రాక్టరు తోలుకొచ్చాడు. గొలుసు కిందికి విసిరి దిగాడు. ఇద్దరూ మాట్లాడుకోకుండా ఏడెనిమిది మోళ్ళు లాగేశారు. బండి ఆపి చెమట తుడుచుకుంటూ హజరత్తయ్య అడిగాడు:

"మొత్తం ఎన్ని పోయినాయిరా?"

"నలభై ఆరు."

"నాకు పదకొండే."

చెప్పడంలో మంచితనమే ఉంది. కానీ "పదకొండే" అన్న మాట చివర గొంతు కొంచెం తేలికపడింది. పెంచలకృష్ణ చెవి దాన్ని వెంటనే పట్టుకుంది. పాతికేళ్ళు పైబడి అభ్యాసం ఉన్న చెవి. అంతకంటే సిగ్గుచేటైన సంగతి ఇంకోటుంది. పదకొండు చెట్లు పోయాయని వినగానే అతని కడుపులో ఏదో చల్లగా తగిలింది. వాడికీ పోయాయిలే, అనిపించింది. ఆ చల్లదనం ఏమిటో తెలిసి అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఉమ్మేశాడు.

"చచ్చిన చెట్లలో కూడా ఫస్టు, సెకండేనా?" అని అరిచాడు. అరుపుకు పొరుగు పొలంలోని కొంగలు లేచాయి. "నలభై ఆరులో పదకొండు తీసేసి నాకు మార్కులెయ్యరా! ఎన్ని తగ్గినాయో చెప్పు!"

"మాట వరసకు అడిగినా. అంత కోపం దేనికి?"

"మాట వరసకే మన వయసంతా పోయింది. నీ తోట నాకు చెప్పబాక. నా తోట నన్ను అడగబాక. నా మోటరు చప్పుడు ఇని నీళ్ళు పెట్టబాక. నా నేల ఇసక. పది దినాలే దాని ఓపిక. అది నాకు ముందు నుంచీ తెలుసు. తెలిసీ చంపినా. నేనే చంపినా, నువ్వు కాదు."

దూరంగా పుల్లలు మోస్తున్న సాయిలక్ష్మి మోపు కిందికి దించి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఇద్దరినీ చూస్తూ నిలబడింది.

"బాగుండాయి మాటలు," అంది. "ఇయ్యి ముందే మాట్లాడుకోనుంటే ఈ మోళ్ళు మొయ్యాల్సిన పనుండేది కాదు నాకు."

పెంచలకృష్ణ వంగి గొలుసు తీసుకుని తర్వాతి మోడు మొదట్లో రెండు చుట్లు చుట్టాడు. కొక్కెం బిగించి, వేలు నలిగితే చేయి విదిలించి, లేచి నిలబడ్డాడు.

"చూస్తా ఉండావేంరా," అన్నాడు కోపం తగ్గని గొంతుతోనే. "బండి ఎక్కు, లాగు."