డేవిడన్న పేరు మీద ఉన్న టోకెన్

నిన్న పొద్దున పదకొండుకు ఆఫీసులో బిల్డ్, అంటే మేం రాసిన కోడ్‌ను సర్వర్ ప్రోగ్రాంగా కూర్చే పని, ఫెయిలైంది. దానికి కావలసిన కంపెనీ కోడ్ ప్యాకేజీలు తెచ్చుకోవడానికి అనుమతి లేదని ఎర్రటి మెసేజ్.

ఆ సర్వర్‌లో తాళంచెవిలా ఉన్నది మా సీనియర్ డేవిడన్న టోకెన్, ఆయన పేరు మీద ఇచ్చిన రహస్య సంకేతం. వెంటనే ఆయనకు వాట్సాప్ చేశాను.

"అన్నా, మీ టోకెన్ పనిచేస్తలేదు. జర చూడుర్రి."

పది నిమిషాలకు మేనేజర్ మా వరుస దగ్గరికి వచ్చి చెప్పారు. తెల్లవారుజామున బెల్లంపల్లిలో ఇంటి దగ్గరే డేవిడన్నకు గుండెపోటు. మంచిర్యాల ఆసుపత్రికి చేరేలోపే పోయారు. రూల్ ప్రకారం ఆయన అకౌంట్ మూసేశారట, దాంతో టోకెన్ కూడా చెల్లకుండా పోయింది.

నాకంటే ముందు సర్వర్‌కు తెలిసింది.

మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేనే. కరీంనగర్‌లో ఈ ఉద్యోగంలో చేరిన నెలకే నా టోకెన్‌ను నేరుగా కోడ్‌లో రాసి, అందరికీ కనిపించేలా పెట్టేశాను. ఉద్యోగం పోయిందనుకుని బాత్రూంలో ఏడ్చి వచ్చేసరికి, నా కుర్చీలో డేవిడన్న.

"ఏం చెల్లె, మీ మెట్‌పల్లిల తాళమేసి చెవి దానికే ఉంచుతరా?"

నా టోకెన్ రద్దు చేశారు. ఆ రోజు పని ఆగకుండా తన టోకెన్‌ను బిల్డ్ సర్వర్‌లో, రహస్యాలు దాచే చోట పెట్టారు.

"ఇండ్ల పెడితే మళ్ల నాక్కూడ కనవడది. కానీ మనిషి పేరు మీద ఉండొద్దు. రేపు ఆఫీసు పేరు మీద తీద్దాం. మనిషి పోయినా పని ఆగొద్దు."

ఉద్యోగం మారడం గురించే అన్నారు.

ఆ రేపు రెండేళ్లయినా రాలేదు. గుర్తుచేసినప్పుడల్లా నవ్వేవారు. "నేనెటు పోత చెల్లె!"

ఈ రోజు బెల్లంపల్లి వెళ్లాం. సమాధి చేసి వచ్చాక వాళ్ల అమ్మ ఆయన ఫోన్ నా చేతిలో పెట్టింది.

"కంప్యూటర్ల పని చేస్తవు గదా బిడ్డా. జర తెరువు. నా కొడుకు పాట పాడింది అండ్లనే ఉన్నది."

లాక్ తీసే పాస్‌వర్డ్ నాకు తెలియదు. ఎవరికీ చెప్పకూడదని మాకు నేర్పిందే ఆయన.

ఆమె నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది. నేను ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

సాయంత్రం ఆఫీసుకు వచ్చి, ఆఫీసు పేరు మీద కొత్త టోకెన్ పెట్టాను. ఆయనది చెరిగిపోయింది. బిల్డ్ పాసైంది.

పని ఆగలేదన్నా.

అమ్మకు మీ గొంతు మాత్రం ఇవ్వలేకపోయాను. నన్ను క్షమించండి.

పోయి రండి డేవిడన్నా. మీ ప్రభువు దగ్గర మీకు, ఇక్కడ అమ్మకు, నెమ్మది దొరకాలి.