బుట్ట కింద బిస్కెట్లు

నా చిన్నప్పుడు విశాఖపట్నంలో ఓట్సు అంటే ఎవరికీ తెలియదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న ఒక కుర్ర డాక్టరు నాతో అననే అన్నాడు, "తాతగారూ, ఇది మీ తరానికి కొత్త తిండి" అని. ఏడో తరగతితో బడి మానేసి, మిగతా చదువంతా పకోడీ పొట్లాల కాగితాల మీద చదువుకున్నవాణ్ణి నేను. నాకు తెలియనివి చాలా ఉన్నాయి. ఓట్సు మాత్రం వాటిలో లేవు. డెబ్భైల్లో, ఆ డాక్టరు పుట్టకముందే, ఓట్సు మూలంగా నా బొంగరం పోయింది.

మా నాన్నది పోర్టులో ఉద్యోగం. గోదావరి జిల్లా నుంచి మామ్మను కూడా వెంటబెట్టుకొచ్చి రేవుకు దగ్గర్లో వరస ఇళ్ళలో ఒకదానిలో దిగాం. మా గోడకు ఆనుకుని పక్కింటి పిన్ని ఉండేది. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి, తెల్లచీర మార్చుకోకుండానే కుంపటి ముట్టించే మనిషి. వాళ్ళాయన ఓడలో వంటవాడు, ఇంటికి వచ్చినప్పుడల్లా ఏదో ఒక వింత సరుకు తెచ్చేవాడు. ఒకసారి ఓట్సు డబ్బా తెచ్చాడు. మా మామ్మ గుప్పెడు తీసి అరచేతిలో ఆరబోసి చూసింది.

"ఇవేంటమ్మాయ్, ఏనుగు తొక్కిన అటుకుల్లా ఉన్నాయి?"

"ఓట్సు, మామ్మగారూ. దొరలు తింతారంట. గుర్రాలకీ ఇవే ఎడతారంట."

"ముందు ఎవరు మొదలెట్టారో, దొరలో గుర్రాలో, కనుక్కోవే," అంది మామ్మ.

వాటితో, కొబ్బరి కోరుతో బిస్కెట్లు చేస్తానని పిన్ని అన్నది. అంతే, నేను బడికి పోయి చాటింపు వేశాను. నా పక్కన కూర్చునే మేస్త్రిగారబ్బాయి పగలబడి నవ్వాడు. "బిస్కెట్టు ఇంట్లో సేత్తారేట్రా బావా? అయి మిషన్లో పుడతాయి!" అన్నాడు. క్లాసంతా వాడి వైపే. నాకు రోషం వచ్చింది. మా మామయ్య రైల్లో వస్తూ దారిలో ఎలమంచిలిలో దిగి నా కోసం కొని తెచ్చిన లక్కబొంగరం పందెం కాశాను. ఎరుపు, పసుపు చారల బొంగరం అది, మా వీధిలో అలాంటిది ఇంకొకటి లేదు. సోమవారం నేను ఇంట్లో చేసిన బిస్కెట్టు తెచ్చి చూపించాలి, వాడు తిని బిస్కెట్టేనని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే బొంగరం వాడిది.

ఆదివారం మధ్యాహ్నం పిన్ని ఓట్సులో కొబ్బరి కోరు, కాస్త మైదా, చిటికెడు సోడా వేసి, డాల్డాలో కరిగించిన బెల్లం పోసి కలిపింది. మందపాటి ఇనప గిన్నెలో ఇసుక పోసి, అందులో కుదురు పెట్టి, దాని మీద బిళ్ళలు పరిచిన పళ్ళెం దించింది. గిన్నె కింద కుంపటి, పైన మూత మీద కూడా నిప్పులు. కాసేపటికి వరస ఇళ్ళలో ప్రతి గుమ్మంలోనూ ఒక ముక్కు కనబడింది. అంత వాసన.

మూత తీసిందో లేదో నేను వేలు పెట్టి నొక్కాను. బిస్కెట్టు గుంట పడింది. మెత్తగా, పేడముద్దలా ఉంది. ఇది తీసుకెళ్తే మేస్త్రిగారబ్బాయి ఊరుకుంటాడా? నా బొంగరం గతేమిటి?

"పచ్చి! పచ్చిగా ఉన్నాయి!" అని అరిచాను.

"ముట్టుకోకు నాయనా. అయి సల్లారాలి. ఏడి మీద మెత్తగానే ఉంటాయి. సల్లారితే నిలబడతాయి," అంది పిన్ని.

నేను నమ్మలేదు. అప్పీలుకు మామ్మ దగ్గరికి పరుగెత్తాను. బెల్లం, కొబ్బరి కనబడితే చాలు, మా గోదావరి వాళ్ళకు అది పాకం వ్యవహారమే. అరిసెలకు చేసినట్టే మామ్మ ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి, బిస్కెట్టు కొస తుంచి అందులో వేసింది. పాకం కుదిరితే నీళ్ళలో ఉండ కట్టాలి కదా. కట్టలేదు, విడిపోయి నాలుగు ఓట్సు పైకి తేలాయి. మామ్మ తీర్పు చెప్పేసింది: "పాకం రాలేదమ్మాయ్. మళ్ళీ పొయ్యెక్కించు."

పిన్ని నవ్వు ఆపుకోవడానికి పైటచెంగు నోట్లో కుక్కుకోవడం నేను చూశాను. ఆవిడ వాదించలేదు. "సరే. సగం మీ మాట, సగం నా మాట," అంది. తన సగాన్ని చాప మీద పెట్టి వెదురుబుట్ట బోర్లించింది. నా సగాన్ని మళ్ళీ గిన్నెలోకి దించి, ఎప్పుడు తియ్యాలో నన్నే చెప్పమంది. నేను వేలితో నొక్కుతూ, కాలిన వేలు చప్పరిస్తూ, గుంట పడడం మానేదాకా తియ్యనివ్వలేదు. చివరికి అవి వేలికి ఎదురు తిరిగాయి. నాకు ఆనందమే ఆనందం. బుట్ట కిందివి కూడా చూసి వెళ్ళమంది పిన్ని. అక్కర్లేదన్నాను. నావి పొట్లం కట్టించుకుని గర్వంగా ఇంటికి వచ్చేశాను. తెల్లారేసరికి ఆ పొట్లం చేతిలో గులకరాళ్ళ సంచీలా గలగలలాడింది. అది మంచి శకునమే అనుకున్నాను.

బళ్ళో అందరి ముందూ మేస్త్రిగారబ్బాయి బిస్కెట్టు కొరికాడు. టక్కుమని చప్పుడయింది. బిస్కెట్టు విరగలేదు, వాడి ముందుపన్ను ఊడి అరచేతిలో పడింది. అది ముందునుంచీ కదులుతున్న పన్నే. ఆ సంగతి నేను ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు, ఇప్పటికీ నాకు అది అన్యాయంగానే కనిపిస్తుంది. "ఇది బిత్కెట్టు కాదు, రాయి!" అన్నాడు వాడు, గాలి పోతున్న నోటితో. బొంగరం వాడి జేబులోకి పోయింది.

సాయంత్రం వాళ్ళమ్మ వాడి చెయ్యి పట్టుకుని, ఊడిన పన్ను కాగితంలో చుట్టుకుని మా వరస ఇళ్ళకు వచ్చింది. "ఏటమ్మా, మా వోడికి రాయెట్టీసినారంట?" అని వీధిలోంచే మొదలుపెట్టింది. మామ్మ లోపలికి పోయి జపం చేసుకోసాగింది. నేను మామ్మ వెనకాల చేరాను. పిన్ని మాత్రం ఒక డబ్బా మూత తీసి ఆవిడ ముందు పెట్టింది. అవి బుట్ట కింద చల్లారిన బిస్కెట్లు.

ఆవిడ ఒకటి నోట్లో వేసుకుంది. తిట్టడానికి తెరిచిన నోరు నమలడంలో పడింది. అంచు కరకర, మధ్య బెల్లంజీడిలా సాగుతూ, కొబ్బరి పంటికి తగులుతూ ఉంటే తిట్లు ఎక్కడినుంచి వస్తాయి? కొడుకు పక్కపళ్ళతో రెండు లాగించాడు. మూడోది తీసుకుంటూ వాడే అన్నాడు, "ఇది బిత్కెట్టే." జేబులోంచి బొంగరం తీసి డబ్బా పక్కన పెట్టాడు. పెట్టి, నా వైపు చూసి, "ఇది పిన్ని గెల్సింది. నువ్వు కాదు," అన్నాడు.

నిజమే. పిన్ని దాన్ని నాకు ఇచ్చేసిందనుకోండి. అంతకుముందు నా చేతిలో ఒక బిస్కెట్టు పెట్టింది. అది ముందురోజు నేను వేలు పెట్టిన బిస్కెట్టే. మధ్యలో నా వేలిగుంట అలాగే గట్టిపడి ఉంది.

ఆ గుంట నన్ను ఇప్పటికీ వదల్లేదు. పుట్టుకతోనే నాకు కోపం ఎక్కువ. మా గాజువాక రోడ్డు మీద గుంతల గురించి పేపరుకు ఉత్తరం రాస్తే కాగితం కాలిపోవాలి. అయినా రాసిన పూటే పోస్టు చెయ్యను. ఒక రాత్రి చల్లారనిస్తాను. పొద్దున్నే చదువుకుంటే సగం తిట్లు నేనే కొట్టేస్తాను. మిగతా సగం మాత్రం బాగా నిలబడతాయి.

ఇప్పుడు మా కోడలు కరెంటు ఓవెనులో అవే బిస్కెట్లు చేస్తుంది. తలుపు తీసి, "ఇంకా పచ్చిగానే ఉన్నాయి మామయ్యా, మళ్ళీ పెట్టనా?" అంటుంది. వద్దమ్మా అని, వెదురుబుట్ట తెచ్చి వాటి మీద బోర్లించి, బుట్ట మీద చెయ్యి వేసుకుని కుర్చీలో కూర్చుంటాను. పిల్లలు ముట్టుకోకుండా తాతయ్య కాపలా కాస్తున్నాడని అందరూ అనుకుంటారు. అనుకోనివ్వండి. మా ఇంట్లో వేలు పెట్టేవాణ్ణి నేనొక్కణ్ణే.