మార్సెయ్‌లో ఎవరింటికి?

లింగంపల్లి స్టేషన్‌కు కూతవేటు దూరంలో, మా అక్కగారి ఇంటి వసారాలో ఆదివారాలు నేను ఫ్రెంచి చెప్పేవాణ్ణి. రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు అది. మిగతా రోజుల్లో రైలెక్కి పట్నం వెళ్ళి, ఒక కాలేజీలో అదే భాష చెప్పేవాణ్ణి. ముక్కు మీద కోపం ఉన్నవాడికి సెలవునాడు కూడా పాఠాలెందుకని అక్క దెప్పేది. నిజానికి నాకు చెప్పడమంటే ఇష్టం. నోరు మూసుకుని వినేవాళ్ళంటే ఇంకా ఇష్టం.

విద్యార్థులు ఇద్దరే. ఒకాయన భూముల లెక్కలు చూసి రిటైరైన గిర్దావరు, పొద్దుపోక వచ్చేవారు. రెండో ఆమె శేరిలింగంపల్లి నుంచి నడిచి వచ్చే నర్సు. ఆమె పనిచేసే మిషన్ దవాఖాన డాక్టరమ్మ, తొమ్మిది నెలల శిక్షణకు ఆమెను ఫ్రాన్సులో లియోన్ నగరపు దవాఖానకు పంపాలనుకుంది. వెళ్తుందో లేదో ఆమె నెలాఖరుకల్లా చెప్పాలి. వెళ్లనంటే ఆ చోటు ఇంకో నర్సుకు పోతుంది. ఆమెకు వెళ్లాలనే ఉంది. అందుకే ముప్ఫై ఏళ్ళ వయసులో మళ్ళీ అక్షరాలు దిద్దుకుంటోంది.

భాష ఒక్కటే చాలదు, ఆ దేశపు తీరు కూడా తెలియాలని నేనొక ఉపాయం చేశాను. ఇక్కడి నుంచి లియోన్ దాకా ప్రయాణం ఎట్లా చేస్తారో, ఎక్కడ దిగుతారో, ఏం చూస్తారో వచ్చిన నాలుగు ముక్కల ఫ్రెంచిలో ఇద్దరినీ రాసుకురమ్మన్నాను. దారిలో వచ్చే ఊళ్ళ పేర్లు నేనే పలక మీద రాసిచ్చాను: వాడి జంక్షన్, బొంబాయి, అక్కణ్ణుంచి ఓడలో ఏడెన్, పోర్ట్ సయీద్, ఫ్రాన్సు రేవు మార్సెయ్.

మరుసటి ఆదివారం ఆ కాగితాలు చూసి నాకు ఒళ్ళు మండింది. రైలు వేళలు లేవు, హోటలు లేదు, చూడాల్సిన చర్చి లేదు. ఇద్దరూ ఊరి పేరు రాసి, ఎదురుగా ఎవరింట్లో దిగాలో రాశారు. వాడిలో గిర్దావరుగారి మేనమామ కొడుకు. బొంబాయిలో నర్సు వాళ్ళ ఊరి నుంచి పోయి స్థిరపడ్డ తాపీ మేస్త్రీలు. ఏడెన్‌లోనూ పోర్ట్ సయీద్‌లోనూ, గిర్దావరుగారికి పట్నం బార్కస్‌లో ఉన్న అరబ్బు దోస్తు చుట్టాలు. మార్సెయ్ ఎదురుగా మాత్రం ఇద్దరి కాగితాల్లోనూ ఖాళీ.

"ఇది ప్రయాణమా, పెళ్ళి పిలుపులా?" అని అరిచాను. "అక్కడ చెప్పాపెట్టకుండా ఒకరింటికి పోవడం మర్యాద కాదు. హోటల్లో దిగాలి. పటం చూసుకుని దారి పట్టాలి. స్టేషన్‌కు ఎవరూ రారు."

నర్సు కలం కింద పెట్టింది. "ఎవ్వరు రారా సారూ?"

"ఎవ్వరూ రారు."

"గట్లయితే నేను పోను. ఇరవై మంది రోగులను ఒక్కదాన్నే జూసుకుంట, ఫికర్ లేదు. గాని దిగంగనే 'వచ్చినవా' అనేటోళ్ళు ఒక్కరన్న లేని ఊర్ల నేను కాలు వెట్టలేను. రేపు డాక్టరమ్మకు జెప్పేస్త."

ఆమె కాగితం మడిచింది. నా కోపమంతా దిగిపోయి భయం పట్టుకుంది. ఆమె చదువు నా ఒక్క మాటతో పోతోంది. ఆ మాట నేనెక్కడ నేర్చాను? ఎవరో దొర రాసిన పాత ప్రయాణాల పుస్తకంలో. వాళ్ళిద్దరూ నేను ఫ్రాన్సు చూసొచ్చాననే అనుకునేవాళ్ళు. చూశానని నేను చెప్పలేదు; చూడలేదనీ చెప్పలేదు. ఆ గౌరవం తియ్యగా ఉండేది మరి.

"అమ్మా, నేను ఫ్రాన్సు చూడలేదు," అన్నాను. "వాడి జంక్షన్ దాటి ఎరగను."

గిర్దావరుగారు దగ్గారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. నర్సు మాత్రం మడిచిన కాగితం మళ్ళీ విప్పి, "మరి మీకు తెల్వనే తెల్వదు గదా సారూ. ఎవ్వరు రారని ఎట్ల జెప్పిన్రు?" అంది.

"అడగంది అమ్మయినా పెట్టదు బిడ్డా," అన్నారు గిర్దావరుగారు. "ఇగ ఈయన్నేం అడుగుతవు? ఆ లియోన్ దవాఖానోళ్ళకే రాసి అడుగు."

ఆమె అక్కడే కూర్చుని, వచ్చిన ఫ్రెంచిలోనే రాసింది. తనను దించుకుని ఇంటికి తీసుకుపోయేవాళ్ళు ఎవరైనా ఉంటే వస్తానని, లేకపోతే రానని. నేను దిద్దబోతే కాగితానికి చెయ్యి అడ్డం పెట్టింది. అట్లా నిలదీస్తే అక్కడ మొరటనుకుంటారేమోనని గొణిగాను గానీ, ఆ పూట నా మాట వినేవాళ్ళెవరు? డాక్టరమ్మ మంచిది, జవాబు వచ్చేదాకా ఆగింది.

జవాబు ఒక ముసలి హెడ్ నర్సు రాసింది. మార్సెయ్‌లో ఎక్కే రైలు వేళ ముందే తెలియజేస్తే లియోన్ స్టేషన్‌కు తానే వస్తుందట. గుర్తుకు చేతిలో ఎర్ర గొడుగు పట్టుకుంటుందట. మొదటి వారం తన ఇంట్లోనే ఉండాలట. మధ్యాహ్నం భోజనానికి మాత్రం సరిగ్గా పన్నెండింటికి బల్ల దగ్గర ఉండాలట. నేనే పైకి చదివాను. చదువుతుంటే సంతోషమే, కానీ అసూయ కూడా. ఇరవై ఏళ్ళుగా ఆ భాష చెప్తున్నా, నేను ఒక్కనాడూ ఎవరికీ అట్లా రాసి అడగలేదు.

ఆమె బయల్దేరిన రోజు స్టేషన్ నిండా శేరిలింగంపల్లే ఉంది. గిర్దావరుగారు ఏడెన్ చుట్టాలకని బార్కస్ దోస్తు చేత రాయించిన చీటీ ఆమె చేతిలో పెట్టారు. రైలు కదులుతుంటే ఆమె కిటికీలోంచి నన్ను పిలిచింది.

"సారూ, మీరు జెప్పినయన్ని ఆడ జూసి, ఏది నిజమో ఏది కాదో రాస్త!"

రాసింది, నాలుగు పేజీలు, ఫ్రెంచిలోనే. ఆమె ఫ్రెంచిలో నాకు మూడు తప్పులు దొరికాయి. నేను చెప్పిన ఫ్రాన్సులో ఆమెకు పదకొండు దొరికాయి.