చివరగా ఆరిన గీత

పదిహేనేళ్ల కిందటి మాట. బేతంచెర్ల స్టేషన్లో కర్నూలు వైపు రైలు కోసం కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన తువ్వాలు విప్పి, రోకలి ముక్కలా జానెడు పొడవున్న గుండ్రటి రాయి తీశాడు.

"మా బాయి పక్కన కంపెనీవాళ్లు మిషన్ దించి, శానా లోతునుంచి తీసిందమ్మా ఇది," అన్నాడు.

ఆయన చేని అడుగుభాగాన్ని వాళ్లు లీజుకు అడుగుతున్నారట. ఫ్యాక్టరీ పొగలోని బొగ్గుపులుసు వాయువును గాలిలోకి వదలకుండా భూమి లోపల దాస్తారట. పైన సేద్యం మామూలే. సంతకం పెట్టడానికి బయల్దేరాడు.

"రాతిలో యాడా పగులు లేదంటాండారు. నలభై ఏండ్లు గనిలో బండలు తీసినోణ్ని, సూసుకోకుండా ఎట్ల పెడతా?" అంటూ సీసాలో నీళ్లు రాతి మీద పోశాడు. రాయి నల్లగా మెరిసింది.

"నాకేం కనపడలేదు," అన్నాను.

"ఆరనీమ్మా."

ఎండకు రాయి మెల్లగా తెల్లబడింది. వెంట్రుకంత గీత ఒకటి మాత్రం తడిగా మిగిలింది.

అయ్యో, లీజు పోయిందే అనుకున్నాను. ఆయన ఆ గీతను బొటనవేలితో నిమిరి నవ్వాడు.

"ఎండాకాలం గూడా మా బాయిలో నీళ్లు యాడనుంచి ఊరతాండాయో ఇన్నేండ్లకు తెలిసె. నీళ్లొచ్చే ఈ దావలో పొగ నింపమంటామా?"

రైలొచ్చింది. ఆయన ఎక్కలేదు.

మా ఇంట్లో నేలకు పరిచినవీ బేతంచెర్ల బండలే. తుడిచాక గడపలో నిలబడి చూస్తుంటాను. ఎవరైనా కాలు పెట్టబోతే, "ఆరనీయండి," అంటాను.